అమ్మమ్మ గాలి, ఫ్యాను గాలి

పోయిన ఆగస్టులో ఒక మైకు కొన్నాను. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. నేనే నాలుగు కథలు చదివి రికార్డు చేసి పెడితే బడికి వెళ్ళే దారిలో కార్లో వింటుందని ఆశ. సమీక్షలన్నీ తిరగేసి, "చాలా సెన్సిటివ్" అని అందరూ మెచ్చుకున్న కండెన్సర్ మైకు ఒకటి తెప్పించాను. శుక్రవారం రాత్రి అందరూ పడుకున్నాక భోజనాల బల్ల మీద పెట్టుకుని, పన్నెండు నిమిషాల కథ ఒకటి తప్పుల్లేకుండా చదివాను. తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.

నా గొంతు వెనకాల ఇంకేదో లోకం నడుస్తోంది. ఏసీ గాలి ఏటి హోరులా ఎడతెగకుండా ఉంది. నాలుగో నిమిషంలో ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైంది, తొమ్మిదో నిమిషంలో ఆగింది. ఆగాకే అది అంతసేపూ మోగిందని తెలిసింది. లాప్‌టాప్ ఫ్యాను సన్నగా ఈల వేస్తోంది. వీటన్నిటి అడుగున బుయ్యిమని ఒకటే శ్రుతి, తంబురాలో ఒక్క తీగే మీటుతున్నట్టు. అదే గదిలో పన్నెండు నిమిషాలు కూర్చున్నవాణ్ణి, వీటిలో ఒక్కటీ నా చెవిన పడలేదు.

మైకులో లోపం అనుకుని వెనక్కి పంపి ఇంకోటి తెప్పించాను. అదీ అంతే. మూడోదాని కోసం వెతుకుతుంటే మా ఆవిడ, "మైకులు మార్చినట్టు ఇళ్ళు మార్చలేం కదా" అంది. అదొక్కటే ఆ నెలలో నేను విన్న సరైన సాంకేతిక సలహా.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగు. థర్మల్ నాయిస్ సూత్రం పరీక్షకి బట్టీ పట్టాను, రాశాను, మర్చిపోయాను. ఆ సూత్రం వెనక మనుషులున్నారని, వాళ్ళూ నాలాగే హెడ్‌ఫోన్లు పెట్టుకుని "ఈ చప్పుడెక్కణ్ణుంచి వస్తోంది" అని తల పట్టుకున్నారని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మైకు పెట్టిన చిరాకుతో మూడు నెలలు రాత్రుళ్ళు ఆ మనుషుల గురించే చదివాను. చదవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెప్తాను.

మైకు లోకానికి పరిచయమైందే ఎవరికీ అక్కర్లేని చప్పుడుతో. 1878లో లండన్‌లో డేవిడ్ హ్యూస్ అనే ఆయన రెండు మేకులు పక్కపక్కన పెట్టి, వాటిమీద మూడో మేకు అడ్డంగా ఆనించి, బ్యాటరీ నుంచి కరెంటు పంపించాడు. వదులుగా ఆనుకున్న ఆ చోట ఏ కాస్త అదురు వచ్చినా కరెంటు మారుతుంది, ఆ మార్పు టెలిఫోను రిసీవర్లో వినిపిస్తుంది. మేకుల బదులు కార్బన్ కడ్డీ పెడితే ఇంకా బాగా పనిచేసింది. మైక్రోస్కోపు కంటికి చేసే పని ఇది చెవికి చేస్తుందని మైక్రోఫోన్ అన్నాడు. (ఆ మాటని 1827లోనే చార్లెస్ వీట్‌స్టన్ వాడాడు కానీ ఆయన పరికరంలో కరెంటు లేదు.) హ్యూస్ దానికి పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా వాడుకోండని వదిలేశాడు. జనం నోళ్ళలో నానింది మాత్రం ఈగ సంగతి. మైకు ఉన్న బల్ల మీద ఈగ నడిస్తే దాని అడుగుల చప్పుడు వినిపించేదట. మా ఇంట్లో ఫ్రిజ్ వినిపించినందుకు నేను ఆశ్చర్యపోవాల్సింది ఏముంది?

అంతకు ముందు ఏడాదే, 1877లో, ఎడిసన్, ఎమిల్ బెర్లినర్ ఇద్దరూ కొద్దిరోజుల తేడాతో ఇలాంటి వదులు కూర్పు మైకుల మీద హక్కులు కోరుతూ కాగితాలు పెట్టుకున్నారు. ఆ తగాదా ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. కార్బన్ మైకు మాత్రం దాదాపు వందేళ్ళు టెలిఫోన్లలో బతికింది. దానికో జబ్బుంది. కరెంటు పోతున్న కార్బన్ నలుసులు ఒకదానికొకటి ఆనుకుంటూ విడిపోతూ పోపు వేగినట్టు చిటపటలాడతాయి. కొన్నాళ్ళకి నలుసులు గడ్డకట్టి మాట మందగిస్తుంది. మా తాతయ్య నల్ల టెలిఫోను ఎత్తగానే రిసీవర్ని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి "హలో" అనేవాడు. అది చాదస్తం అనుకునేవాణ్ణి. నలుసులు కదిపి విడదీయడానికి అదే సరైన పద్ధతి అని ఇప్పుడు తెలిసింది.

తమాషా ఏమిటంటే, పాటలూ మాటలూ రికార్డు చేసేవాళ్ళు చాలాకాలం ఈ మైకు జోలికే వెళ్ళలేదు. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించినప్పుడు కరెంటూ లేదు, మైకూ లేదు. ఒక పెద్ద కొమ్ము బూరా, దాని చివర పల్చని పొర, పొరకి సూది, సూది కింద తిరిగే మైనపు పళ్ళెం, అంతే. గాయని గొంతులో ఉన్న బలమే సూదిని కదిపి మైనంలో గీత గీయాలి. అందుకే బూరాలోకి తలపెట్టి గట్టిగా పాడాల్సి వచ్చేది. ఆ బూరా ఎంత చెవిటిదంటే వీధిలో బండి వెళ్ళినా దానికి పట్టదు. పాత రికార్డుల్లో మనకి వినిపించే గరగర గదిది కాదు, రికార్డుదే. లక్కతో చేసే ఆ పళ్ళేల్లో రాతిపొడి కలిపేవారు. అరిగే ఉక్కు సూది గాడికి తగ్గట్టు నున్నగా అరగాలని. సూది రాతిపొడి మీద నడిస్తే గరగరలాడక ఏం చేస్తుంది.

గ్రియర్సన్ భాషా సర్వేకి అనుబంధంగా 1913 నుంచి 1929 వరకు మన దేశ భాషల్ని గ్రామఫోను మీద రికార్డు చేయించారు. ఎక్కువ భాషల్లో బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథే చెప్పించారు. పోల్చి చూడడానికి అందరూ ఒకే కథ చెప్పాలి మరి. మద్రాసు ప్రెసిడెన్సీ భాషల్లో తెలుగూ ఉంది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ రికార్డుల్ని ఇంటర్నెట్లో పెట్టారు. రాత్రి ఒంటిగంటకి టెక్సాస్‌లో కూర్చుని నూరేళ్ళనాటి తెలుగు మాట విన్నాను. గరగర తీసేస్తే వెనకాల ఏమీ లేదు. కాకి లేదు, బండి లేదు, మనిషి దగ్గు లేదు. ఆ మాట్లాడినాయన ఎలాంటి గదిలో కూర్చున్నాడో ఊహించుకోవడానికి ఒక్క ఆధారం దొరకలేదు. అప్పుడే మొదటిసారి, చప్పుడు లేకపోవడం కూడా ఒక లోటేనేమో అనిపించింది.

ఇప్పుడు నా బల్ల మీదున్న మైకుకి ముత్తాతని తయారు చేసింది ఇ.సి. వెంటె. 1916లో, వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో. బిగించిన పల్చటి రేకు, దాని వెనకాల వెంట్రుక మందం కూడా లేని ఖాళీ, ఆ వెనక ఇంకో రేకు. ధ్వనికి ముందు రేకు కదిలితే మధ్య ఖాళీ మారుతుంది, దాంతో కెపాసిటీ మారుతుంది. ఇందులో నలుసులు లేవు, చిటపటలు లేవు. కానీ దాన్నుంచి వచ్చే సిగ్నల్ ఎంత బలహీనమంటే, పక్కనే వాక్యూం ట్యూబు ఆంప్లిఫయరు పెట్టకపోతే కేబుల్లోనే హరించుకుపోతుంది. గాలిలో చెమ్మ ఎక్కువైతే ఆ సన్నటి ఖాళీ చుట్టూ కరెంటు జారి టపటపమంటుంది. 1925లో రికార్డులు కరెంటు మైకులకి మారాక గాయకులకి బూరాలోకి అరవాల్సిన పని తప్పింది, గుసగుసగా కూడా పాడొచ్చు. గుసగుస వినే చెవికి గదంతా వినిపిస్తుంది. మా ఇంటి గొడవ మొదలైంది అక్కడే.

ఆంప్లిఫయర్లు పెద్దవి చేస్తూ పోయినకొద్దీ ఇంజినీర్లకి ఇంకో చప్పుడు తగిలింది. మైకు తీసేసినా, వైరు తీసేసినా పోని సన్నటి బుస. 1918లో జర్మనీలో వాల్టర్ షాట్కీ, ట్యూబులో ఎలక్ట్రాన్లు ధారగా కాక చినుకుల్లా రాలడం వల్ల వచ్చే చప్పుడు ఒకటి ఉంటుందని లెక్క కట్టాడు. తర్వాత బెల్ లాబ్స్‌లో జాన్సన్ ఇంకోటి కొలిచాడు. ఏ రెసిస్టరైనా ఊరికే కూర్చున్నా బుసకొడుతుంది, వేడెక్కేకొద్దీ ఎక్కువ. అక్కడే పనిచేసే నైక్విస్ట్ దాని సిద్ధాంతం రాశాడు. ఇద్దరి వ్యాసాలూ 1928లో ఒకే పత్రికలో వచ్చాయి. ఇద్దరూ స్వీడన్ నుంచి అమెరికాకి వలస వచ్చినవాళ్ళే. (మనలాంటి వాళ్ళే అని రాయబోయి ఆగాను. మనలో నైక్విస్టులు ఎంతమంది?) అంటే గది ఎంత నిశ్శబ్దమైనా, తీగలో వేడి ఉన్నంతకాలం సున్నా అనేది దొరకదు.

ఇది చదివాక నా అనుమానం తీరింది. మంచి స్టూడియో మైకు సొంత బుస పది డెసిబెళ్ళ లోపే. ఏసీ నడుస్తున్న మా హాలు ఫోన్లో కొలిస్తే నలభై దగ్గర చూపించింది. నేను తిట్టుకున్న మైకు నిర్దోషి.

ఈ సమస్యకి నా లెక్కలో అన్నిటికంటే గొప్ప పరిష్కారం కనిపెట్టింది ఇంజినీర్లు కాదు, బొంబాయిలో సినిమా వాళ్ళు. ఆర్దేషిర్ ఇరానీ 'ఆలం ఆరా' తీసిన స్టూడియో పక్కనే రైలు పట్టాలు. టానార్ అనే యంత్రంతో బొమ్మా మాటా ఒకే ఫిల్ము మీద అక్కడికక్కడే రికార్డు చేయాలి, తర్వాత కలుపుకోవడం ఉండదు. రైలు వస్తే ఆ షాట్ పోయినట్టే. అందుకని రైళ్ళు ఆగిపోయాక, అర్ధరాత్రి దాటిన తర్వాత ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా షూటింగు చేశారు. మైకుల్ని నటుల చుట్టుపక్కల కనబడకుండా దాచారు. 1931 మార్చి 14న అది విడుదలైంది. అదే ఇరానీ కోసం, 'ఆలం ఆరా' సెట్ల మీదే హెచ్.ఎం. రెడ్డి 'కాళిదాస్' తీశాడు. తమిళం, తెలుగు కలగలిసిన మాటలు. ఆ తర్వాత 'భక్త ప్రహ్లాద'. మన తొలి టాకీ 1931 సెప్టెంబరు 15న వచ్చిందని చాలాకాలం రాసుకున్నాం, తర్వాతి పరిశోధనలో అది 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. తేదీ ఏదైనా, తెలుగు మాట తెరమీద మొదట పలికింది రైళ్ళకి భయపడ్డ ఆ ఊళ్ళోనే. అమెరికాలో వాళ్ళది ఇంకో బాధ. కెమెరా గరగర మైకులో పడుతోందని, కెమెరానీ కెమెరామన్‌నీ కలిపి గాజు కిటికీ ఉన్న పెట్టె లాంటి గదిలో పెట్టి తలుపేసేవాళ్ళు. ఉక్కపోతకి లోపలివాడు షాట్ కాగానే గాలి కోసం బయటికి పరిగెత్తేవాడు. ఆగస్టులో ఏసీ ఆపి టెక్సాస్‌లో కథ చదివిన నాకు అతని మీద ప్రత్యేకమైన సానుభూతి ఉంది.

తర్వాతి తెలివి, మైకుకి అన్ని దిక్కులా చెవులుండక్కర్లేదన్నది. 1930ల మొదట్లో ఆర్‌సీఏ కంపెనీలో హ్యారీ ఓల్సన్ రిబ్బన్ మైకుని స్టూడియోలకి పనికొచ్చేలా చేశాడు. అయస్కాంతం మధ్యలో వేలాడే పల్చని అల్యూమినియం పట్టీ. ముందునుంచి, వెనకనుంచి వచ్చే ధ్వనికి ఊగుతుంది. పక్కనుంచి వస్తే రెండు వైపులా ఒకేసారి నొక్కుతుంది కాబట్టి కదలదు. చప్పుడు చేసేదాన్ని పక్కకి పెడితే చాలు. 1939లో షూర్ కంపెనీలో బెంజమిన్ బావర్, ముందువైపు మాత్రమే వినే మైకుని ఒకే ఒక్క పొరతో సాధించాడు. నా మైకు కూడా ఆ జాతిదే. నేను దాని వీపుని గోడకీ, ముఖాన్ని ఫ్రిజ్‌కీ పెట్టి, మధ్యలో నేను కూర్చుని చదివానన్నమాట.

ఇక దూరం. నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే మాట ఆరు డెసిబెళ్ళు పెరుగుతుంది, గది హోరు ఉన్నచోటే ఉంటుంది. రెండడుగుల నుంచి అరడుగుకి వస్తే పన్నెండు. ఏ ఖరీదైన మైకూ ఇవ్వనిది ముక్కు ముందుకి జరిపితే ఊరికే వస్తుంది. నేనూ అదే చేశాను. భోజనాల బల్ల వదిలేసి బట్టల అల్మరాలోకి మారాను, చుట్టూ వేలాడే చీరలూ కోట్లూ ప్రతిధ్వనిని మింగేస్తాయి. లాప్‌టాప్‌ని గది బయట పెట్టాను. ఛార్జరు ప్లగ్గు పీకగానే ఆ బుయ్యిమనే తంబురా శ్రుతి ఆగిపోయింది. ఫ్రిజ్ ఆపి, కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టాను. ఇది షూటింగుల్లో సౌండు వాళ్ళు చేసే పని. తాళాల కోసం వెతుక్కున్నప్పుడు ఫ్రిజ్ మళ్ళీ వెయ్యాలని గుర్తొస్తుంది. మొదటిసారి ఆ తెలివి లేక రెండు డబ్బాల పాలు పోయాయి.

ఇక్కడ రే డాల్బీ గురించి చెప్పకపోతే తప్పవుతుంది, ఎందుకంటే ఆయన కథలో మన దేశం ఉంది. టేపు రికార్డరు వచ్చాక గరగర పోయి బుస మిగిలింది. డాల్బీ 1963 నుంచి 65 దాకా యునెస్కో సలహాదారుగా ఇండియాలో, చండీగఢ్‌లోని శాస్త్రీయ పరికరాల సంస్థలో పనిచేశాడు. సరదాకి మన సంగీతకారుల్ని టేపు మీద రికార్డు చేసేవాడు. ఆ టేపుల బుసతో పడ్డ తిప్పల్లోంచే ఆలోచన పుట్టింది. 1965లో లండన్ వెళ్ళి సొంత కంపెనీ పెట్టాడు, మర్నాడు ఏడాది 1966లో డెక్కా రికార్డుల కంపెనీ మొదటి గిరాకీ. ఆలోచన చాలా చిన్నది. నెమ్మదైన ధ్వనుల్ని టేపు మీదకి ఎక్కించేటప్పుడే పెంచాలి, వినేటప్పుడు అంతే కొలతతో తగ్గించాలి. తగ్గించేటప్పుడు మధ్యలో చేరిన టేపు బుస కూడా తగ్గుతుంది. గట్టి ధ్వనుల్ని ముట్టుకోకూడదు, అవి బుసని ఎలాగూ కప్పేస్తాయి. నాకు ఇందులో నచ్చేది దాని మర్యాద. ఏది మాట, ఏది చప్పుడు అని తీర్పు చెప్పడానికి అది పూనుకోలేదు. తను ఎక్కించింది తనే దించింది. మైకులోకి ముందే వచ్చి పడ్డ ఫ్యాను చప్పుడుని అది తీయలేదు, తీస్తానని చెప్పనూ లేదు.

ఆ తీర్పు చెప్పే పని కంప్యూటర్ల కాలంలో మొదలైంది. 1979లో స్టీవెన్ బోల్ ఒక పద్ధతి ప్రచురించాడు. మాట లేని చోట ఒక్క క్షణం చప్పుడు తీసుకో, అందులో ఏ స్థాయిలో ఏ ధ్వని ఎంత ఉందో కొలుచుకో, ఆ కొలతని మొత్తం రికార్డింగు నుంచి తీసివెయ్యి. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరులో "నాయిస్ రిడక్షన్" మీట నొక్కే ప్రతివాడూ ఆ వ్యాసానికి ఏదో రకంగా బాకీ ఉన్నాడు. నేనూ ఉన్నాను. నా బాకీ పెద్దది.

2016 జనవరిలో ఊరెళ్ళినప్పుడు మా అమ్మమ్మ చేత 1977 ఉప్పెన కథ చెప్పించి ఫోన్లో రికార్డు చేశాను. మాది దివిసీమ. నవంబరు 19, శనివారం. ఆ రాత్రి గురించి అమ్మమ్మ ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా చెప్పేది, మొదటినుంచి చివరిదాకా ఒక్క బిగిని చెప్పింది ఆ ఒక్కసారే. ఫోను మంచం కోడు దగ్గర పెట్టాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఇప్పుడు నాకు తెలిసిన లెక్కలో, ఆమె నోటికీ ఫోనుకీ మూడడుగులు, ఫ్యానుకీ ఫోనుకీ ఆరడుగులు.

అమెరికా వచ్చాక వింటే ఫ్యాను హోరు చిరాకు పెట్టింది. సాఫ్ట్‌వేరులో రెండు సెకన్ల ఫ్యాను చప్పుడుని నమూనాగా ఇచ్చి మీట నొక్కాను. కాస్త తగ్గింది. ఇంకోసారి నొక్కాను. మూడోసారి కూడా. ఫ్యాను పూర్తిగా పోయింది, అమ్మమ్మ గొంతు అద్దంలా నిలబడింది. గర్వంగా అదే పేరుతో సేవ్ చేసి కజిన్లందరికీ పంపించాను. ఫోన్లో జాగా లేదని అసలు ఫైలు తీసేశాను.

అమ్మమ్మ 2018లో పోయింది. సంవత్సరీకం నాడు హెడ్‌ఫోన్లలో శ్రద్ధగా విన్నప్పుడు తెలిసింది నేనేం చేశానో. మాటల చివర్లు లేవు. మనది అజంత భాష అని బళ్ళో చదువుకున్నాం. ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, ఆ చివరి అచ్చు ముసలివాళ్ళ గొంతులో ఊపిరి తగ్గి మెత్తగా ఉంటుంది. ఫ్యాను స్థాయికి కిందికి జారిన ఆ అచ్చుల్ని సాఫ్ట్‌వేరు ఫ్యాను కిందే జమకట్టింది. "పోయాడు" అన్నది "పోయాడ్" అయింది. "నీళ్ళు" "నీళ్" అయింది. స, శ, ష మూడూ ఒకటే బొంగురు. ఒత్తుల్లో ఊపిరి లేదు. మధ్యమధ్య నీళ్ళ బుడగలు పేలినట్టు చిన్న చిన్న చప్పుళ్ళు, లెక్క సరిగ్గా కుదరక మిగిలిన ముక్కలు.

అది కాదు అసలు సంగతి. ఇరవయ్యో నిమిషం దగ్గర అమ్మమ్మ, "నీళ్ళు రాకముందు గాలి వచ్చిందిరా, ఎట్టా వచ్చిందనుకున్నావ్, ఇట్టా" అని, పెదవులు సున్నాలా చుట్టి, గొంతు కలపకుండా, ఉత్త ఊపిరితో ఆ గాలిని చేసి చూపించింది. సన్నగా మొదలై, పెరిగి, గది నిండింది. నాకు ఒళ్ళు జలదరించింది, బాగా గుర్తు. ఇప్పుడు ఫైల్లో "ఇట్టా" అని ఉంది. తర్వాత ఆరు సెకన్లు ఏమీ లేదు. తర్వాత "అట్టా వచ్చింది" అని ఉంది.

అమ్మమ్మ చేసిన గాలికీ ఫ్యాను గాలికీ తేడా ఆ లెక్కకి తెలియదు. తెలియాల్సిన వాణ్ణి నేను.

ఇంకో చిన్న విషయం, ఇది కూడా తర్వాతే చదివాను. కరెంటు ఉన్న చోట చేసిన రికార్డింగుల్లో తరచు ఆ కరెంటు శ్రుతి ఉంటుంది. ఇండియాలో సెకనుకి యాభై, అమెరికాలో అరవై. అది కచ్చితంగా యాభై కాదు, ఒక గ్రిడ్డు మొత్తం కలిసి వెంట్రుకవాసి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నేర పరిశోధకులు ఆ హెచ్చుతగ్గుల్ని గ్రిడ్డు రికార్డులతో పోల్చి ఏ రోజు ఏ వేళ రికార్డు చేసిందో చెప్పగలరు. మన దక్షిణాది గ్రిడ్డు 2013 డిసెంబరు 31న మిగతా దేశంతో కలిసింది. అంటే 2016లో అమ్మమ్మ మంచం పక్కన సన్నగా మూలిగిన శ్రుతి, అదే క్షణంలో ఢిల్లీలోనూ మూలిగిందన్నమాట. దాన్నీ నేనే "శుభ్రం" చేశాను.

డిసెంబరులో ఊరెళ్ళాను. చిన్నమ్మమ్మకి ఎనభై దాటాయి. ఆ రాత్రి ఆవిడా అదే ఇంట్లో ఉంది. పెద్ద మైకు తీసుకెళ్ళలేదు, చీరకి తగిలించే చిన్న ఎలక్ట్రెట్ మైకు పట్టుకెళ్ళాను. 1962లో బెల్ లాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ చేసిన పని ఇది. పల్చటి ప్లాస్టిక్ పొరలో చార్జి శాశ్వతంగా ఇమిడ్చేశారు, దాంతో వెంటె మైకుకి బయటినుంచి ఇవ్వాల్సిన వోల్టేజీ అక్కర్లేకుండా పోయింది. బఠాణీ గింజంత. దాని సొంత బుస పెద్ద మైకుల కంటే ఎక్కువే, కానీ గొంతుకి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి లెక్క మనవైపే.

ధనుర్మాసం. తెల్లవారుజామున నాలుగింటికే గుడి మీద మైకు మొదలవుతుంది. ఆలం ఆరా వాళ్ళ వేళలు మాకు పనికిరావు. పొద్దున చేపలమ్మేవాళ్ళు, సాయంత్రం ట్రాక్టర్లు. నాలుగు రోజులు ఊరి చప్పుళ్ళకి టైంటేబుల్ రాసుకుంటే, మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా అందరూ భోంచేసి నడుం వాల్చే వేళ దొరికింది. మధ్యగదిలో కిటికీలకి బొంతలు కట్టాను. గంజి పెట్టిన నేతచీర కదిలినప్పుడల్లా కాగితం నలిపినట్టు వినిపిస్తోందని పాత వాయిలు చీర కట్టుకోమన్నాను. గొలుసు తియ్యమంటే తియ్యనంది, పైట లోపలికి దోపింది. చివరికి కరెంటు మెయిన్ ఆపేసి, ఇన్వర్టరూ ఆపేశాను. మా మావయ్య వసారాలోంచి, "అమెరికా నుంచి వచ్చి కరెంటు తీస్తున్నాడేంట్రా వీడు" అన్నాడు.

"ఫ్యానన్నా వెయ్యరా నాన్నా, చెమట పడతంది" అంది చిన్నమ్మమ్మ. చలికాలమే అయినా బొంతల వల్ల గది ఉక్కగా ఉంది.

"కాసేపు ఓర్చుకో చిన్నమ్మమ్మా, అయిపోగానే వేస్తా."

ముందుగా ఇద్దరం అర నిమిషం ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాం, గది చప్పుడు విడిగా ఉండాలని. ఆ అర నిమిషంలో ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మ చెప్పినట్టు కాదు. ఆవిడ కథలో ముందు గేదె తాడు, తర్వాత అటక, ఆ తర్వాత నీళ్ళు. గాలి సంగతే రాలేదు. ఆపుకోలేక అడిగాను.

"గాలి ఎట్టా వచ్చిందో అమ్మమ్మ చేసి చూపించేది, గుర్తుందా?"

"అక్క చేసినట్టు నాకు రాదురా" అంది. కాసేపాగి, "అయినా అది గాలి కాదు. మీ అమ్మమ్మ భయపడితే అట్టా ఊపిరి తీసేది" అంది. మళ్ళీ గేదె దగ్గరికి వెళ్ళిపోయింది.

మొత్తం నలభై ఒక్క నిమిషాలు. పదిహేడో నిమిషంలో పక్కింట్లో కుక్కరు మూడు విజిల్స్ వేసింది. ముప్పయ్యో నిమిషం నుంచి ఎక్కడో ఒక కోడి, వేళాపాళా లేకుండా. మా మావయ్య దగ్గు రెండుసార్లు. దేన్నీ తియ్యలేదు. అసలు ఫైలు మూడు చోట్ల దాచాను, ఒకటి మా అమ్మాయి ఫోన్లో.